రాత్రి ఎక్కడ పడుకున్నాడు? ఒక దమ్ము ట్రాక్టర్ డ్రైవర్ కేసు

ఈ కేసు 2019 ఆగస్టులోది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను అప్పుడు డ్యూటీ డాక్టర్‌ని. చనిపోయిన అబ్బాయి వయసు 24. నాట్లకు ముందు మడిని బురదగా కలియదున్నే దమ్ము ట్రాక్టర్ నడిపేవాడు. పేరు, ఊరు రాయడం లేదు. వాళ్ళమ్మకు, ఆ రాత్రి అతనితో ఉన్న తోటి డ్రైవర్‌కు చెప్పి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను. వైద్యం వివరాలు కేస్ షీటులోంచి తీసుకున్నవి. అతని గురించి రాసినవన్నీ ఆ తర్వాత వాళ్ళింటి అరుగు మీద కూర్చుని విన్నవి. ఆ రెండోదాన్ని మొదటి రోజే కొంచెం అడిగి ఉంటే ఈ కేసు వేరేగా నడిచేదేమో.

ఆ రోజు పొద్దున

ఉదయం 7.50కి ఆటోలో తెచ్చారు. కాళ్ళూ చేతులూ వేలాడుతున్నాయి, కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. ఊపిరి పైపైన, ఆగి ఆగి వస్తోంది. వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ 58. నాడి అందుతోంది గానీ బలహీనంగా ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు, వాపు లేదు. బట్టల నిండా ఆరిన బురద.

వెంటనే అంబు బ్యాగుతో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాం. కొద్ది నిమిషాల్లో గొంతులో ట్యూబు వేశాను. ఆక్సిజన్ 90 దాటింది. ఇంతవరకు ఆలస్యం కాలేదు. ఈ కేసులో నాకున్న ఊరట అదొక్కటే.

బ్యాగు నొక్కుతూనే వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అడిగాను: "ఏం మందు తాగాడు? డబ్బా తెచ్చారా?"

మా ప్రాంతంలో పనిచేసిన ఏ డాక్టరుకైనా ముందు నోటికొచ్చే ప్రశ్న ఇదే. పొలం పనిచేసే కుర్రాడు, కడుపునొప్పి, వాంతులు, చొంగ, ఒళ్ళు చచ్చుబడటం. నేను చూసిన పురుగుల మందు కేసులు చాలావరకు ఇలాగే వచ్చాయి. కడుపు కడగడానికి గొట్టం తెమ్మన్నాను. దానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించి పెట్టమన్నాను. అప్పటికి వాళ్ళ ఊరి నుంచి ఇరవై మందిదాకా వచ్చి క్యాజువాలిటీ గుమ్మం దగ్గర గుమికూడి ఉన్నారు. నా ప్రశ్న అందరికీ వినపడింది. వాళ్ళమ్మకు కూడా.

అయితే లక్షణాలు ఆ మందుకు సరిపోవడం లేదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగితే కనుపాపలు సూదిమొనంత చిన్నవైపోతాయి. ఇతని కనుపాపలు పెద్దవై ఉన్నాయి, టార్చి వేసినా కదలడం లేదు. నోటి దగ్గర మందు వాసన లేదు. చెమట లేదు, ఊపిరితిత్తుల్లో గురగుర లేదు. చొంగ కారుతోంది ఎక్కువ ఊరినందుకు కాదు, మింగలేక. నేను ఇవన్నీ చూశాను గానీ ఒకదానితో ఒకటి కలపలేదు. కలిపింది మా సీనియర్ స్టాఫ్ నర్సు. సెలైన్ పెడుతూ ఆమె తోటి డ్రైవర్‌ని అడిగింది.

"రాత్రి ఎక్కడ పడుకున్నాడయ్యా?"

"మోటారు కొట్టంల, కింద పరదా ఏస్కొని పండుకున్నడమ్మా."

ఆమె నా వైపు చూసింది. అంతటితో అర్థమైంది. కడుపు కడిగే గొట్టం పక్కన పెట్టించాను.

కట్లపాము సంగతి

మన దగ్గర మనుషుల్ని ఎక్కువగా చంపే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మిగతా మూడూ కరిస్తే సాధారణంగా కరిచిన చోట నొప్పి, వాపు ఉంటాయి. మనిషికి తెలుస్తుంది. కట్లపాముది వేరే పద్ధతి. పగలు కనపడదు. రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలోనే కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి దోమ కుట్టినంత కూడా ఉండకపోవచ్చు, వాపు రాదు, గాటు చాలాసార్లు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో మెలకువ వస్తుంది. తర్వాత గొంతు పట్టేసినట్టు అవుతుంది, రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మెడ నిలబడదు, చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. పాము మాట ఎవరికీ తట్టదు. గ్యాస్ అనుకుంటారు, తాగాడు అనుకుంటారు, నిద్రమత్తు అనుకుంటారు.

నాట్ల కాలంలో మడులన్నీ నీళ్ళతో నిండుతాయి. ఎలుకలు, వాటి వెనకే పాములు, మెరక వెతుక్కుంటాయి. గెట్లు, గడ్డివాములు, మోటారు కొట్టాలు. ఆ కొట్టంలో ఎరువు బస్తాలు, వడ్ల బస్తాలు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఈ విషం నరం చివర కండరాన్ని అంటుకునే చోటును దెబ్బతీస్తుంది. ఒకసారి దెబ్బతిన్నాక పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వెనం దాన్ని బాగుచేయలేదు. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే అది పట్టుకుంటుంది. అందుకే గంటలు లెక్క. ఆ విరుగుడు పది వయల్స్ ఇచ్చాం. నియోస్టిగ్మిన్, అట్రోపిన్ కలిపి ఇచ్చి చూశాం. నాగుపాము కాటులో ఇది ఒక్కోసారి అద్భుతంగా పనిచేస్తుంది, కట్లపాముకు చాలాసార్లు పనిచేయదు. ఇతనికీ పనిచేయలేదు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాం. గడ్డకట్టింది. అంటే పింజర జాతి కాదు. ఇక మిగిలింది వెంటిలేటర్. నరాల చివరలు తిరిగి మొలిచేదాకా, రోజుల తరబడి, అతని బదులు యంత్రం ఊపిరి తీయాలి. మా దగ్గర వెంటిలేటర్ లేదు.

ఇక్కడ ఒక విషయం కుర్ర డాక్టర్ల కోసం విడిగా చెప్తాను. కట్లపాము కాటులో కనుపాపలు పెద్దవై ఆగిపోతాయి, కనురెప్ప కదలదు, వేలు కదలదు, గిల్లినా స్పందన ఉండదు. చూడ్డానికి మెదడు చచ్చిపోయిన మనిషిలా ఉంటాడు. కానీ లోపల పూర్తి స్పృహ ఉండవచ్చు. మన మాటలు వింటూ ఉండవచ్చు. ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరో "అయిపోయిండు, ఇంక తీస్కపోదాం పాండ్రి" అన్నారు. నేను వాళ్ళమ్మను లోపలికి పిలిచి, "అమ్మా, వాడికి వినపడుతూ ఉండొచ్చు, మాట్లాడండి" అన్నాను. ఆమె చెవి దగ్గర వంగి, పొద్దున బర్రెకు పాలు తీయలేదని, ఇంటికి పోయినంక తీస్తానని చెప్పింది. ఇంకేం చెప్పాలో ఆమెకు తోచినట్టు లేదు. బ్యాగు నొక్కుతూ నేను పక్కనే నిలబడ్డాను.

9.10కి 108లో ఎక్కించాం. మా నర్సు వెంట వెళ్ళి దారి పొడవునా, గంటకు పైగా, చేత్తో బ్యాగు నొక్కుతూనే ఉంది.

పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఐదో రోజు అమ్మ పిలిస్తే కాలి బొటనవేలు కదిపాడని నర్సుకు ఫోన్ వచ్చింది. ఆ రోజు మా క్యాజువాలిటీలో అందరం టీ తాగాం. ఏడో రోజు జ్వరం పట్టుకుంది. కాటు పడిన తెల్లవారుజామునే వాంతి కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంది, న్యుమోనియా ముదిరింది. తొమ్మిదో రోజు సాయంత్రం పోయాడు.

కేస్ షీటులో ఇంతే ఉంది.

పదకొండో రోజు

ఆ నర్సుది వాళ్ళ పక్క ఊరే. ఒకరోజు డ్యూటీ మారేటప్పుడు నాతో అంది: "సార్, ఆ పిల్లగాడు మందు తాగి చచ్చిపోయాడని ఊళ్ళో అనుకుంటున్నారు. పెళ్ళి సంబంధం ఒకటి తప్పిపోయిందట, అందుకని తాగాడట. పెద్ద డాక్టరే అడిగిండు కదా డబ్బా ఏదని, అంటున్నారు."

పెద్ద డాక్టర్ అంటే నేను. నేను అడిగిన ప్రశ్న ఊరు చేరేటప్పటికి జవాబైపోయింది.

పదకొండో రోజు కర్మకు వెళ్ళాను. ఇలాంటిచోట డాక్టరు కనపడితే గొడవ అవుతుందేమోనని టెన్షన్‌గానే ఉంది. గొడవేమీ కాలేదు. వాళ్ళమ్మ కుర్చీ వేయించింది, నీళ్ళిచ్చింది. కాసేపయ్యాక అడిగింది.

"సారూ, నా కొడుకు మందు తాగలేదని నీకెరుకేనా?"

"ఎరుకేనమ్మా. పాము కరిచింది."

"మరి ఇదే మాట అందరి ముందల జెప్పు."

భోజనాలకు కూర్చోబోతున్న జనం ముందు నిలబడి చెప్పాను. రాత్రి కట్లపాము కరిచింది. కరిచినట్టు వాడికే తెలియదు. మందు తాగాడేమోనని మొదట అనుమానపడ్డది నేను, అది తప్పు. వాడు ఏమీ తాగలేదు. ఒక పెద్దాయన, "గాటు లేకుండ పాము కాటేంది సారు?" అన్నాడు. కట్లపాము పద్ధతి ఆయనకు చెప్పాను. ఇంకొకాయన వాళ్ళ చిన్నాయన కూడా అట్లనే కడుపునొప్పి అని పోయాడని, అప్పుడు గుండెపోటు అనుకున్నామని అన్నాడు. ఆ తర్వాత మరో ఇద్దరు తమ ఇళ్ళలో అలాగే తెల్లారేసరికి పోయినవాళ్ళ గురించి చెప్పారు. వాళ్ళలో ఎందరివి పాముకాట్లో ఎవరు చెప్పగలరు? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటు మరణాలు దాదాపు 12 లక్షలని, అంటే ఏడాదికి సగటున 58 వేలని ఇంటింటి సర్వేల మీద కట్టిన అంచనా 2020లో వచ్చింది. ఆసుపత్రి రికార్డుల్లో కనపడే లెక్క అందులో చిన్న భాగమే. ఎక్కువమంది పల్లెల్లో, ఆసుపత్రి గడప తొక్కకుండానే పోతున్నారు.

అతను

భోజనాలయ్యాక తోటి డ్రైవర్ నా దగ్గర కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. అబ్బాయి అతన్ని కాకా అని పిలిచేవాడు. ట్రాక్టర్ నేర్పింది అతనే. పదిహేనేళ్ళప్పుడు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పాడట. పదో తరగతి అయ్యాక అబ్బాయి ఐటీఐలో డీజిల్ మెకానిక్‌లో చేరాడు. తండ్రి పోవడంతో ఏడాదికే మానేశాడు. చెల్లెలి చదువు మాత్రం మాననివ్వలేదు, డిగ్రీలో చేర్పించాడు.

వానాకాలం నాట్లకు దమ్ము. యాసంగికి మళ్ళీ దమ్ము. మధ్యలో పత్తి లోడ్లు, ఇటుక ట్రిప్పులు, వడ్ల సీజన్‌లో రైస్ మిల్లుకు తోలడం. దమ్ము రోజుల్లో నిద్ర అంటూ ఉండదు. కాల్వకు నీళ్ళొచ్చిన పది పదిహేను రోజుల్లో ఆయకట్టు అంతా ఒక్కసారే నాట్లకు దిగుతుంది, నారు ముదిరిపోతుందని ప్రతి రైతుకూ తొందర. ఇనుప చక్రాలు తగిలించి పొద్దున ఎక్కితే రాత్రి ఎప్పుడు దిగుతారో చెప్పలేం. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, మోటారు వేయడానికి అర్ధరాత్రి పొలానికి పోవాల్సిన అవసరం రైతులకు తగ్గింది. డ్రైవర్లకు తగ్గలేదు.

అతని దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. కాక దాన్ని తెచ్చి చూపించాడు. దమ్ముకు గంటల లెక్కన కిరాయి. ట్రాక్టర్‌లో గంటల మీటర్ ఉంటుంది. మడిలో దిగినప్పటి రీడింగ్, పైకొచ్చినప్పటి రీడింగ్, రైతు పేరు. అక్షరాలు గుండ్రంగా, వరుసలు తప్పకుండా ఉన్నాయి. కొన్ని పేర్ల ఎదుట మీటరు ప్రకారం రెండు గంటల ఇరవై నిమిషాలు పడితే రెండు గంటలనే వేశాడు. ఎవరు వీళ్ళంటే, "మొగదిక్కు లేనోళ్ళు, ఓనర్‌కు చెప్పే తగ్గిస్తుండె" అన్నాడు కాక. వెనక పేజీల్లో చెల్లి ఫీజు, అమ్మ బీపీ మాత్రలు, బర్రె దాణా. ఒకచోట "కొర్రమీను 2, కాక ఇంటికి 1" అని ఉంది. దమ్ము చేసేటప్పుడు మడిలోకి ఎక్కొచ్చిన చేపలు.

చివరి ఎంట్రీ కింద టైము వేసుకున్నాడు: రాత్రి 12.40.

డాక్టరుగా నాకు ఆ ఒక్క అంకె చాలా చెప్పింది. ఒంటిగంటకు పడుకున్నాడు. మూడున్నరకు కడుపునొప్పితో లేచాడని కాక చెప్పాడు. అంటే కాటు ఆ రెండున్నర గంటల్లోనే. లేవగానే ఒకసారి వాంతి. కాక గ్యాస్ పొడి నీళ్ళలో కలిపి ఇచ్చాడు. నాలుగున్నరకు గొంతు నొప్పి, మింగలేకపోతున్నా అన్నాడు. కళ్ళు మూతపడుతుంటే నిద్ర అనుకుని కాక పడుకోమన్నాడు. ఐదుంబావుకు మాట ముద్దగా వస్తుంటే భయపడి ఓనర్‌ని లేపాడు. ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఆయన గ్యాస్ ఇంజెక్షన్, సెలైన్ ఇచ్చాడు. ఏడింటికి తల నిలపలేకపోయాక ఆటో. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. మంత్రాలని, పసరు మందులని తిప్పలేదు. నాలుగు గంటలు పోయింది ఒక్క మాట ఎవరికీ తట్టకపోవడం వల్ల. మూడున్నరకే ఎవరికైనా తట్టి నాలుగింటికి బయల్దేరి ఉంటే, మా దగ్గరకు తన కాళ్ళతో నడిచి వచ్చేవాడు. వెంటిలేటర్ అప్పుడూ కావలసి వచ్చేదేమో. కానీ ఆక్సిజన్ 58కి పడిపోయేదాకా, వాంతి లోపలికి పోయేదాకా వచ్చేది కాదు.

కాక అంతసేపూ తల వంచుకునే మాట్లాడాడు. ఆఖరున ఒక మాట చెప్పాడు.

"కొట్టంల ఒక్కటే మంచం సారు. రోజూ నేను పండుకోను, వాణ్ణే పండుకోమంటా. వాడు వినడు. నువ్వు మంచంల పండుకో కాకా, నీ నడుము సంగతి నాకెరుక అంటడు. ఆ రోజు గూడ అట్లనే అన్నడు."

కట్లపాము మంచం కోళ్ళు పట్టుకుని పైకెక్కడం అరుదు. ఆ సంగతి అతనికి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించాను. చెప్పలేదు. అతనికి అప్పటికే తెలుసు.

పాస్‌బుక్

వాళ్ళకు ఎకరంన్నర భూమి ఉంది. అదింకా తాత పేరు మీదే ఉంది. విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పు, చేయించుకోలేదు, తిరగడానికి తీరిక దొరకలేదు. రైతు బీమా ఐదు లక్షలు సొంత పేరున పట్టా ఉన్న రైతుకే. అది వచ్చే దారి లేదు.

నోటుబుక్కు అట్టలో బ్యాంకు పాస్‌బుక్ పెట్టుకున్నాడు. తిరగేస్తుంటే జూన్ ఒకటి దగ్గర 12 రూపాయలు కట్ అయినట్టు ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా. అప్పట్లో ఏడాదికి ప్రీమియం అంతే, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. పాముకాటు ప్రమాదం కిందకే వస్తుంది. ఆత్మహత్య రాదు. పాముకాటుకు ఆసుపత్రిలో అప్పటికప్పుడు రాసిన రికార్డు ఆధారం కావాలి. నామినీ అమ్మ. ఈ బీమా ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. పాము కరిచి అప్పటికి ఇరవై రోజులు, నెలలోపు క్లెయిమ్ పెట్టాలి.

పోలీసులకు తెలపాల్సిన కేసులు రాసే మా ఎంఎల్‌సీ రిజిస్టరులో ఆ రోజు మొదట "తెలియని విషం" అని రాశాను. నర్సు అడిగిన ప్రశ్న తర్వాత దాని కిందే, టైముతో సహా, "నరాల మీద పనిచేసే పాముకాటు, కట్లపాము అనుమానం, నేల మీద పడుకున్నాడు, రక్తం గడ్డకట్టింది" అని చేర్చాను. రెండో లైను రాయకుండా వదిలేసి ఉంటే ఆ కాగితం ప్రకారం కూడా అతను మందు తాగినవాడే. పోస్ట్‌మార్టం, పోలీసు కాగితాలు పెద్దాసుపత్రిలో అయ్యాయి. మా సర్టిఫికెట్ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. డబ్బు మూడు నెలలకు పడింది. చెల్లి డిగ్రీ ఆగలేదు.

ఆ తర్వాత

మా క్యాజువాలిటీలో మూడు పనులు మార్చాం. వానాకాలంలో తెల్లవారుజామున కడుపునొప్పితో, గొంతు నొప్పితో, రెప్పలు వాలి ఎవరొచ్చినా ఓపీ చీటీ మీదే "రాత్రి పడుకున్న చోటు" అని రాయాలి. రెప్ప వాలితే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా పాముకాటు వైద్యం మొదలుపెట్టాలి. మందు తాగారా అన్న ప్రశ్న మనిషిని పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి అడగాలి. మరుసటి ఏడాది జూలైలో ఒక నాట్ల కూలీ, ముప్పై ఏళ్ళావిడ, తెల్లవారి నాలుగున్నరకు కడుపునొప్పి అంటూ వచ్చింది. రెప్పలు అప్పుడప్పుడే బరువెక్కుతున్నాయి. నేల మీద పడుకుంది. ఐదింటికల్లా వయల్స్ ఎక్కడం మొదలైంది. వెంటిలేటర్ మీద నాలుగు రోజులుండి ఇంటికి పోయింది.

2024లో కేంద్రం పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలని జాతీయ ప్రణాళిక పెట్టింది. కేసులను తప్పనిసరిగా నమోదు చేయమని ఆ ఏడాది చివర్లో రాష్ట్రాలకు రాసింది. నమోదు చేసే ఫారం ఏదైనా, అందులో పడుకున్న చోటుకు ఒక గడి ఉండాలని నా కోరిక.

అతను పోయిన మరుసటి ఏడాది ఆగస్టులో ఒక సాయంత్రం ఆ కొట్టం దగ్గరకు వెళ్ళాను. ఎరువు బస్తాలు తీసేశారు. ఓనర్ ఇంకో మంచం వేయించాడు, రెండింటికీ దోమతెరలు. కొత్త కుర్రాడొకడు చేరాడు, పంతొమ్మిదేళ్ళుంటాయి. వాడు అన్నం తిని అలాగే ఒరిగిపోయాడు. కాక లేచి వచ్చి, తెర నాలుగు అంచులూ పరుపు కిందకు దోపి, టార్చి వేసి మంచం కింద ఒకసారి చూసి, తన మంచం దగ్గరకు వెళ్ళాడు.